నల్లగొండ, పాలమూరు వైపు టూర్: ఏది ఎంచుకోవాలి, దేనితో ఏది కలపాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో చూడదగ్గ చోట్ల జాబితాలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. బయల్దేరే ముందు మనుషుల్ని తికమక పెట్టేది మాత్రం వేరే. పొద్దున ఎక్కడికి వెళ్లాలి, దాని తర్వాత ఏది పెట్టుకోవాలి, దేన్ని ఈసారికి వదిలేయాలి? ఈ వైపు రావాలనుకునే వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. 2016లో ఈ రెండు జిల్లాలు చాలా ముక్కలయ్యాయి కాబట్టి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల కూడా ఇందులో వస్తాయి.

ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడొచ్చు?

ఒక పెద్దది, దారిలో ఒక చిన్నది, మధ్యలో నిదానంగా కూర్చుని ఒక భోజనం. హైదరాబాద్ నుంచి వచ్చి రాత్రికి తిరిగి వెళ్లేవాళ్లకు ఇంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దనే చెబుతాను.

నాగార్జునసాగర్‌నే తీసుకోండి. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరి దారిలో టిఫిన్ చేసి చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాలంటే సాయంత్రం ఐదున్నరకల్లా కారెక్కాలి. మిగిలింది ఎనిమిది గంటలు. లాంచీ కోసం ఎదురుచూడటం, రిజర్వాయర్ మధ్యలో దీవిగా ఉన్న నాగార్జునకొండకు వెళ్లడం, మ్యూజియం చూడటం, తిరిగి రావడం, వీటికే దాదాపు నాలుగు గంటలు పోతాయి. భోజనానికి ఒక గంట. ఇక బుద్ధవనం నిమ్మళంగా చూడొచ్చు, లేదా ఎత్తిపోతల జలపాతానికి వెళ్లి రావొచ్చు. రెండూ పెట్టుకుంటే రెండు చోట్లా సెల్ఫీ దిగి పరుగెత్తుకు రావడమే అవుతుంది.

274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. అక్కడి మహాస్తూపాన్ని, జాతక కథల శిల్పాలను గంటలో చుట్టేయడం అన్యాయం. పిల్లలకు ఒక్కో కథ చెబుతూ నడిస్తే రెండు గంటలు తెలియకుండానే గడుస్తాయి. శ్రీలంక ఇచ్చిన 27 అడుగుల అవుకన బుద్ధుడి ప్రతిరూపం దగ్గర మరికాసేపు ఆగాలనిపిస్తుంది.

జాబితాలో పది ఉన్నాయి. ముఖ్యమైనది ఏదో ఎలా తేల్చుకోవాలి?

ముందు మనసుకు నచ్చింది ఏదో చూసుకోండి, వెంటనే గడియారం కూడా చూడండి. మీ ఇష్టాన్ని బట్టి జరగని పనులు కొన్ని ఉంటాయి. లాంచీ దాని టైముకే కదులుతుంది. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చాలా గుళ్లలో మధ్యాహ్నం కాసేపు తలుపులు మూస్తారు. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిదికి పడితే మళ్లీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. ఇలా కదలని వాటిని కాగితం మీద ముందు రాసుకుని, కోటలు, చెరువులు, చీరల దుకాణాలు, హోటళ్లు లాంటి కదిలే వాటిని వాటి చుట్టూ అమర్చుకోవాలి. చాలామంది దీనికి ఎదురు చేస్తారు. దారిలో కనిపించిన ప్రతి చోటా ఆగి, గుడి మూసే వేళకు గుడి ముందు దిగుతారు.

స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త టోర్స్టెన్ హేగర్‌స్ట్రాండ్ 1970లో మనిషి రోజును కట్టిపడేసే పరిమితులను మూడుగా చెప్పాడు. ఒకటి శరీరానిది: ఆకలి, నిద్ర, కాళ్ల ఓపిక, బండి వేగం. రెండోది తోటివాళ్లది: ఫలానా వాళ్లతో, ఫలానా చోట, ఫలానా వేళ కలిసి ఉండాల్సి రావడం. మూడోది నియమాలది: తెరిచే వేళ, మూసే వేళ, అనుమతులు. ఆయన టూరిజం కోసం ఈ మాట చెప్పలేదు గానీ టూర్ ప్లానుకు ఇది బాగా పనికొస్తుంది. మీ ప్లానును ఈ మూడింటితో ఒకసారి సరిచూసుకుంటే ఎక్కడ తేడా కొడుతుందో ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది.

ఇంట్లో తలా ఒకటి అడుగుతారు. అమ్మకు దర్శనం, పిల్లలకు కొండెక్కడం, మా ఆవిడకు చీరలు. అందరికీ కుదిరేదెలా?

ఇలాంటి ఇంటికి భువనగిరి, యాదగిరిగుట్ట, పోచంపల్లి వైపు అంత అనువైనది మరొకటి లేదు. మూడూ దగ్గర దగ్గరే. చేసే పని మాత్రం మూడు చోట్లా వేరు.

భువనగిరి కోట ఒకే రాతి గుట్ట మీద, సుమారు 500 అడుగుల ఎత్తులో ఉంటుంది. పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఈ రాతి మీదే. పిల్లలకు ఆ సంగతి చెప్పి మెట్లు ఎక్కించండి, ఎవరూ మారాం చేయరు. అయితే ఇది పొద్దున చేయాల్సిన పని. పదకొండు దాటితే రాయి వేడెక్కుతుంది, నీడ దొరకదు. అమ్మను కింద ఎండలో కూర్చోబెట్టి మీరు కోట ఎక్కడం బాగుండదు. ఆ గంటన్నర ఆమెకు తోడుగా ఒకరు ముందే యాదగిరిగుట్టకు తీసుకెళ్లి క్యూలో నిలబెడితే రెండు పనులూ అవుతాయి. భువనగిరి నుంచి యాదగిరిగుట్ట పదిహేను కిలోమీటర్ల లోపే. కొత్తగా కట్టిన ప్రధానాలయం 2022 మార్చి 28న తెరుచుకున్నప్పటి నుంచి శని, ఆదివారాల్లో రద్దీ బాగా ఉంటోంది. వీలైతే మామూలు రోజు చూసుకోండి.

పోచంపల్లిని తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. చీరలు కొన్నాక మనసు ఇంటి మీదకు పోతుంది, చేతిలో సంచులతో కోట ఎక్కలేం. గుంపును విడదీయడానికి మొహమాటపడొద్దు. రోజంతా అందరూ కలిసే ఉండాలని పట్టుపడితే చివరికి అందరూ ఉసూరుమంటూ ఇల్లు చేరతారు. భోజనం కలిసి చేస్తే చాలు.

వరసగా మూడు గుళ్లు పెట్టుకుంటే తప్పా?

మొక్కు ఉంటే తప్పేమీ లేదు. యాత్రగా బయల్దేరిన వాళ్లకు మూడో గుడిలో కూడా అదే భక్తి ఉంటుంది. చూడటానికి వచ్చిన వాళ్ల సంగతి వేరు. ఒకే రకమైనవి వరసగా చూస్తే మూడోదానికి కన్ను అలిసిపోతుంది, అక్కడ ఎంత గొప్ప శిల్పం ఉన్నా ఆనదు.

ఒక గుడి తర్వాత నీళ్లు, నీళ్ల తర్వాత మగ్గం, ఆ తర్వాత గుట్ట. ఇలా కళ్లకు, కాళ్లకు, చేతులకు మార్చి మార్చి పని పెడితే రోజు పొడుగ్గా అనిపించదు. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు దీనికి మంచి ఉదాహరణ. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయ సముద్రం చెరువు అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి ముందు నిలబడి చూడండి. శివలింగం వెనక స్తంభం లాంటి ఒక నీడ పగలంతా అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు. ఎదురుగా ఉన్న ఏ ఒక్క స్తంభానికీ చెందిన నీడ కాదది. మంటపంలో స్తంభాల సందుల్లోంచి వేర్వేరు వైపుల వెలుతురు లోపలికి వచ్చే తీరు వల్ల మధ్యలో ఆ చీకటి పట్టీ నిలుస్తుంది. పిల్లల్ని ఒక్కో స్తంభం దగ్గర నిలబెట్టి వాళ్ల నీడ లోపల పడుతుందేమో చూడమనండి. అరగంట కదలరు.

పచ్చల సోమేశ్వరానికి నడిచే ముందు చెరువు కట్ట మీద కాసేపు కూర్చోండి. రెండో గుడి అప్పుడే బాగా ఆనుతుంది.

పానగల్లు, సాగర్ ఒకే రోజు కుదురుతాయా?

కుదురుతాయి. వెళ్లేటప్పుడు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే దిగి నల్లగొండ, పానగల్లు చూసుకుని హాలియా మీదుగా సాగర్ వెళ్లండి. వచ్చేటప్పుడు కొండమల్లేపల్లి, ఇబ్రహీంపట్నం దారిలో హైదరాబాద్ చేరండి. వెళ్లిన దారిలోనే తిరిగి రాకపోవడం వల్ల ప్రయాణం కూడా చూసినదాని కిందే లెక్క. అయితే ఈ ప్లానులో నాగార్జునకొండ లాంచీని వదులుకోవాలి.

ఒకే చోట రూమ్ తీసుకుని తిరగాలా, రోజుకో ఊళ్లో దిగాలా?

1993లో ల్యూ, క్రాంప్టన్, ఫెసెన్‌మేయర్ అనే పరిశోధకులు సెలవు ప్రయాణాలను ఐదు తీరులుగా విడదీశారు. ఒకే చోటికి వెళ్లి రావడం, వెళ్లే దారిలో ఆగుతూ పోవడం, ఒక చోట మకాం పెట్టి చుట్టుపక్కల తిరగడం, ఒక ప్రాంతానికి చేరాక అందులో ఊరూరా తిరగడం, ఇల్లు వదిలింది మొదలు ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుగా పోయి చుట్టి రావడం. మన వైపు ఈ ఐదూ కనిపిస్తాయి. శ్రీశైలం పోతూ ఉమామహేశ్వరంలో ఆగే కుటుంబం రెండో తీరు. సాగర్‌లో రెండు రాత్రులుండే వాళ్లు మూడో తీరు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మకాం పద్ధతే మేలు. రోజూ సామాన్లు సర్దడంలో పోయే గంటన్నర ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సాగర్ మకాం పెడితే ఒక రోజు నాగార్జునకొండ, ఇంకో రోజు అనుపు బౌద్ధ కట్టడాలు, ఎత్తిపోతల. (ఈ మూడూ ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు వైపు ఉన్నాయి.) స్నేహితులు నలుగురు కలిసి వస్తే మాత్రం పాలమూరు వైపు గొలుసు పద్ధతి బాగుంటుంది: మహబూబ్‌నగర్, గద్వాల, అలంపూర్, వనపర్తి, కొల్లాపూర్.

అలంపూర్, గద్వాల, జూరాల ఒక్క రోజులో చూసే వరస చెబుతారా?

చెబుతాను. నా మటుకు దక్షిణ తెలంగాణలో ఇంత చక్కగా అతికే రోజు ఇంకోటి లేదు.

బెంగళూరు హైవే మీద నేరుగా అలంపూర్ చౌరస్తా దాకా పోయి, అక్కడ ఊరి వైపు తిరగండి. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. ఐదింటికే బయల్దేరితే గుడి మధ్యాహ్నం మూసేలోగా కావలసినంత సమయం ఉంటుంది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఆలయం ఇక్కడ ఉంది. ఇప్పుడున్న గుడి 2005లో పూర్తయింది. పక్కనే బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. తల పైకెత్తి శిఖరాలు చూడండి. ఉత్తరాది గుళ్లలో మాదిరి వంపు తిరిగి, కొసన ఉసిరికాయ ఆకారంలో పెద్ద రాయి ఉంటుంది. తెలంగాణలో ఇలాంటివి అరుదు. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే గోడల మీది శిల్పాలు ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడే తిరిగి కట్టారు. అది చూడకుండా వెళ్లకండి.

అక్కడి నుంచి వెనక్కి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి గద్వాల వైపు తిరగండి. కోట లోపలి చెన్నకేశవ స్వామి ఆలయం చూశాక నేతగాళ్ల ఇళ్ల వైపు వెళ్లండి. ఎండ తగ్గాక జూరాల. డ్యాం దగ్గర వేడివేడిగా వేయించి ఇచ్చే చేపల కోసమే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లున్నారు. తిన్నాక ప్రాజెక్టు మీదుగా ఆత్మకూరు, అక్కడి నుంచి కొత్తకోట దగ్గర మళ్లీ హైవే.

జూరాలను చివర్లో పెట్టడానికి ఒక కారణం ఉంది. ఒక అనుభవాన్ని తర్వాత తలచుకున్నప్పుడు, అందులోని అత్యంత గాఢమైన క్షణాన్ని, ముగింపును బట్టే ఎక్కువగా దాన్ని బేరీజు వేస్తామని డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1990ల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది. బరువైనది పొద్దున పెట్టుకుని, సాయంత్రానికి నీళ్ల పక్కన తిండి పెట్టుకుంటే రోజంతా బాగా గడిచిందన్న తృప్తితో ఇల్లు చేరతారు.

చీరలు కొనడాన్ని కూడా చూసేదాని కింద లెక్కపెట్టొచ్చా?

తప్పకుండా. కొట్టుకు వెళ్లే ముందు మగ్గం దగ్గరికి వెళ్లాలి, అంతే. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. నూలు, పట్టు కలిసే చోట అడ్డపోగులను ఒకదానితో ఒకటి పెనవేస్తూ నేస్తారు. ప్రతి వరసలోనూ ఈ పని చేతితోనే చేయాలి. ఆ కలయిక దగ్గర వేలుతో తడిమి చూడండి, చీర ధర ఎందుకంత ఉందో వేలికే తెలుస్తుంది.

పోచంపల్లిలో పని మగ్గం ఎక్కకముందే సగం అయిపోతుంది. దారాన్ని లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ముంచుతారు. నేసేటప్పుడు ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరి డిజైన్ అవుతుంది. అద్దకానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడం ఇంటి ఆడవాళ్ల పనిగా ఉండేది, ఒక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రాన్ని తయారు చేసిన చింతకింది మల్లేశం ఆలేరు ప్రాంతం వారే. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం తిరుగుతున్న ఇంట్లో పది నిమిషాలు నిలబడితే కొనే చీర మీద గౌరవం మారుతుంది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు కూడా పోచంపల్లే, భూదానోద్యమం ఇక్కడే మొదలైంది. చీరల కోసం వచ్చిన వాళ్లు ఇది తెలియకుండానే వెళ్లిపోతుంటారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా పోచంపల్లిని ఎంపిక చేసింది.

మగ్గం ఉన్న ఇల్లు ఒకరి ఇల్లు కూడా. చెప్పులు బయట విడిచి, అడిగి ఫొటో తీయండి. కొనే ఉద్దేశం లేకపోతే ముందే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారు?

తేదీ ఎవరూ చెప్పలేరు, కానీ నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూస్తే అంచనా దొరుకుతుంది. కృష్ణమ్మ కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ దాటి ముందు జూరాలకు వస్తుంది, తర్వాత శ్రీశైలం, ఆ తర్వాతే సాగర్. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. జూరాల గేట్లు ఎత్తారని వార్త రాగానే సాగర్‌కు బయల్దేరితే నిరాశే. శ్రీశైలం నిండి, సాగర్ 590కి దగ్గరపడుతోందన్నప్పుడు బ్యాగు సర్దుకోండి. వరద బాగున్న ఏళ్లలో సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఆ సందర్భం వస్తుంది.

గేట్లు ఎత్తిన ఆదివారం సాగర్‌లో కారు ఆపడానికి చోటు దొరకదు. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. 26 గేట్ల నుంచి నీళ్లు దూకుతుంటే చూడటమే ఆ రోజుకు పని. లాంచీ, మ్యూజియం కోసం చలికాలంలో మళ్లీ రండి.

నల్లమల అడవిని దేనితో కలపాలి?

శ్రీశైలం దర్శనంతో కలపడం అందరూ చేసేదే. దారిలో అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం చూసుకుని వెళ్తారు. అది శ్రీశైలానికి ఉత్తర ద్వారం, అలంపూర్ పశ్చిమ ద్వారం. రెండు ద్వారాలూ మన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ వరసలో యాత్ర పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు.

అడవిని అడవిగా చూడాలంటే మాత్రం శ్రీశైలంతో కలపకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ సఫారీ ఉంది, రాత్రి బసతో కలిపి ప్యాకేజీ కూడా ఇస్తున్నారు. సఫారీ అంటే పులిని చూపించే హామీ కాదు. పులి కోసమే వెళ్తే జింకలు, పక్షులు, చెట్లు దేన్నీ చూడకుండా వస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్లొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు. తిండికి అలవాటుపడ్డ కోతులు రోడ్డు మీదకొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

మల్లెల తీర్థం జలపాతానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ అవన్నీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను పైనే ఉంచండి. వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి బాగుంటుంది. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది.

చెంచు గూడేల్లోకి మనుషుల్ని చూడటానికన్నట్టు వెళ్లడం మానేయాలి. అది చూసే చోటు కాదు. వాళ్లు నివసించే ఊరు.

పిల్లలమర్రికి వెళ్తున్నాం, అక్కడ గుళ్లు కూడా ఉన్నాయట కదా?

రెండు పిల్లలమర్రులున్నాయి. మహబూబ్‌నగర్ పక్కన ఉన్నది వందల ఏళ్ల నాటి మర్రిచెట్టు. చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే 2018లో మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించింది ఆ చెట్టునే. కాకతీయుల కాలపు ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్న ఊరు సూర్యాపేట దగ్గరిది. మ్యాప్‌లో పేరు కొట్టేటప్పుడు జిల్లా చూసుకోండి. రెండింటి మధ్య దూరం చాలా ఉంది.

ఇంతకుముందే సాగర్, యాదగిరిగుట్ట చూశాం. రెండోసారి వస్తే ఏం చేయాలి?

హాంకాంగ్ వచ్చిన పర్యాటకులపై 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, మొదటిసారి వచ్చినవాళ్లు పేరున్న చోట్లన్నీ చుట్టేయాలని చూస్తారు, మళ్లీ వచ్చినవాళ్లు షాపింగ్, తిండి, అయినవాళ్లతో గడపడం వైపు మొగ్గుతారు. మన దగ్గరా అంతే. రెండోసారి తక్కువ చోట్లు, ఎక్కువసేపు.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ మీద ప్రాచీన బౌద్ధ స్తూపం, విహారాల ఆనవాళ్లున్నాయి. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. మిర్యాలగూడ దాటి వాడపల్లి వెళ్తే మూసీ కృష్ణలో కలిసే చోటు కనిపిస్తుంది. అక్కడి నరసింహస్వామి గుడిలో స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుంది, కింది దీపం నిలకడగా వెలుగుతుంది. సాగర్ దారిలో కొండమల్లేపల్లి దగ్గర పక్కకు తిరిగితే దేవరకొండ కోట. వనపర్తి దగ్గర సరళాసాగర్‌లో నీళ్లు నిండగానే సైఫన్లు వాటంతట అవే పనిచేస్తాయి, గేట్లు ఎత్తే పని లేదు. ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే దీన్నే ముఖ్యమైనదిగా పెట్టుకోండి.

జాతర సమయంలో రావడం మంచిదేనా?

జాతర కోసమే అయితే తప్పకుండా రండి. కార్తీక మాసంలో కురుమూర్తి జాతర, అందులో ఉద్దాల ఉత్సవం పాలమూరు మనుషులకు ఎంతో ముఖ్యం. స్వామి పాదుకలను వడ్డెమాన్‌లో దళితులు నియమంగా తయారు చేస్తారు, ఊరేగింపుగా కొండకు తెస్తారు, వాటిని తలకు తాకించుకోవడానికి జనం తోసుకుంటారు. సూర్యాపేట పక్క దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి. 2023లో, 2025లో ఫిబ్రవరిలో జరిగింది.

కోటలు, మ్యూజియాలు చూద్దామని వచ్చినవాళ్లు మాత్రం ఆ తేదీలు తప్పించండి. పెద్దగట్టు జాతర రోజుల్లో విజయవాడ హైవే ట్రాఫిక్‌ను మళ్లిస్తారు. రూములూ దొరకవు. నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టు శివాలయానికి అమావాస్య నాడు జనం పోటెత్తుతారు, నార్కట్‌పల్లి, నల్లగొండ దారిలో వెళ్లేవాళ్లు క్యాలెండర్ చూసుకోవాలి.

కారు లేదు. బస్సు, రైలుతో కుదురుతుందా?

కుదురుతుంది, చోట్లు ఇంకా తగ్గించుకోవాలి. కాచిగూడ నుంచి కర్నూలు వైపు రైళ్లు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా పోతాయి. భువనగిరికి సికింద్రాబాద్ నుంచి రైలుంది. సాగర్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. బస్టాండులో దిగగానే చివరి బస్సు ఎప్పుడో కనుక్కోండి. అక్కడి నుంచి రోజుకంతా ఒకే ఆటో మాట్లాడుకుంటే ప్రతి చోటా బేరమాడే టెన్షన్ ఉండదు.

సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ బాగుంటుందా?

చాలా బాగుంటుంది. రెండు వైపులా నల్లమల కొండలు, మధ్యలో కృష్ణ. కానీ రోజులో ఎక్కువ భాగం దానికే పోతుంది, రిజర్వాయర్‌లో నీళ్లున్న నెలల్లోనే నడుస్తుంది. కొల్లాపూర్‌లో ముందు రాత్రి దిగి, మాధవస్వామి ఆలయం చూసుకుని పొద్దున లాంచీ ఎక్కండి. మామిడి కాలంలో వెళ్తే కొల్లాపూర్ బంగినపల్లి దొరుకుతుంది, కానీ అప్పటికి నీళ్లు తగ్గి ఉంటాయి. రెండింట్లో ఒకటే.

మా ఊళ్లో లాడ్జి నడుపుతున్నాం, ఆటో తోలుతాం. వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి?

మన ఊళ్లో ఉన్నవన్నీ ఏకరువు పెట్టకండి. మూడు మాటలు అడగండి: ఎవరెవరు వచ్చారు, ఇంతకుముందు ఏం చూశారు, ఎన్నింటికి తిరుగు ప్రయాణం. మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఉందని తెలిస్తే కోట గురించి చెప్పరు, చెరువు కట్ట గురించి చెబుతారు. పొద్దున యాదగిరిగుట్ట చూసి వచ్చారని తెలిస్తే కొలనుపాక సోమేశ్వరాలయం కంటే ముందు అక్కడి జైన మందిరంలోని పచ్చరాతి మహావీరుడి విగ్రహం గురించి చెబుతారు. సాయంత్రం ఆరింటికి రైలుందంటే ఐదింటికల్లా స్టేషన్ దగ్గర దింపేలా వెనక నుంచి లెక్కేసుకుంటూ రండి, ఏది తీసేయాలో మీరే చెప్పండి. తీసేసినదాని పేరు ఒక చీటీ మీద రాసి, మీ నంబరు వేసి ఇవ్వండి.